మోసేవాడి లెక్క

నేను సీలు వేసిన తొక్కు డబ్బాలు మూడు వందలు. వాటిలో బస్సులో నొక్కుకుపోయినవి ఇరవై ఆరు. కొన్నవాళ్లే వెనక్కి తెచ్చి ఇచ్చినవి నలభై. అరల్లోనే ఉండి గడువు దాటినవి నూట తొంభై. మొత్తం రెండు వందల యాభై ఆరు డబ్బాలు పోయాయి. పన్నెండేళ్ల కిందటి ఈ లెక్క, పార్సిలు కట్టడానికి ప్లాస్టరు టేపు చర్రున లాగినప్పుడల్లా ఇప్పటికీ నాలో మొదలవుతుంది. ఆ చప్పుడు శ్రద్ధగా మొదటిసారి విన్నది గఫార్ చాచా దుకాణంలో.

చొప్పదండిలో ఆయనది ముప్పై ఏళ్ల తొక్కు పచ్చళ్ల దుకాణం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఊరి తొక్కు పంపాలంటే జనం అక్కడికే వెళ్లేవారు. నేను రైస్‌మిల్లులో తూకం పని మానేసి, అదే వీధిలో ఎదురు వరుసన దుకాణం తెరిచాను. పదో తరగతి దాటకపోయినా లెక్కల మీద నాకు ధీమా ఉండేది. ఆయన కంటే కిలోకు పది రూపాయలు తక్కువ, నూనె ఎక్కువ, పైన మెరిసే సీలు. ఎలా లెక్కవేసినా గిరాకీ నాకే రావాలి. నాలుగు నెలలైనా రాలేదు. ఇంకో రెండు నెలలు చూసి మళ్లీ మిల్లుకే పోతానని నా భార్య లక్ష్మికి చెప్పాను. మిల్లులో నా జాగాలో అప్పటికే వేరే మనిషి వచ్చాడని మాత్రం చెప్పలేదు.

ఆయన దుకాణం పక్కన చాయ్ హోటల్ దగ్గర నిలబడి, ఎందరు లోపలికి వెళ్తున్నారో చిన్న పుస్తకంలో గీతలు గీసేవాణ్ణి. మూడో రోజు ఆయన బయటికి వచ్చారు.

"గాడ నిలవడి లెక్కవెడితె కాళ్లు గుంజుతయ్ మల్లేశం. లోపలికొచ్చి కూసొని లెక్కవెట్టు."

పోటీకి దిగినవాణ్ణి ఎందుకు రానిస్తున్నావని అడిగితే బేరం చెప్పారు. పదకొండు రోజులు నేను ఆయన స్టూలు మీద కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాలి. నా దుకాణం నిలబడ్డాక ఆయన వచ్చి నా దగ్గర పదకొండు రోజులు కూర్చుంటారు. "ముప్పై ఏండ్ల సంది గీడనే కూసున్న. నా దుకాణం నాకు కనవడదు," అన్నారు.

మొదటి రోజే ఒక అవ్వ, దుబాయి పోతున్న తన ఊరి యువకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె చేతిలో నా డబ్బా. నేను స్టూలు మీద ముడుచుకున్నాను.

"సీలు తీయకుంట లోపలేమున్నదో నాకేమెరుక అవ్వా? ఆడ ఎయిర్‌పోర్టుల పట్టుకుంటె జైల్ల పడేది నేను," అంటున్నాడు అతను.

"నా కొడుక్కు నేను విషం పంపుతనా?" అని అవ్వ మొహం తిప్పుకుంది.

చాచా ఎవరి పక్షమూ పట్టలేదు. జాడీ మూత తీసి, తొక్కును అతని కళ్లముందే కవర్లో పోశారు. కొంచెం అతని అరచేతిలో పెట్టి రుచి చూడమన్నారు. రెండు కవర్లు తొడిగి ముడివేసి, నొక్కి చూసుకోమని అతనికే ఇచ్చారు. ఆ తర్వాతే ప్లాస్టరు చర్రుమంది. అతను తన కోసం ఇంకో అరకిలో అడిగాడు.

వాళ్లు వెళ్లాక చాచా నా వైపు తిరిగారు. "కొనేది అవ్వ, తినేది కొడుకు. మోసేటోడు ఒద్దన్నడంటె ఇద్దరికి ఉపాసమే."

నా పుస్తకంలో ధరకు ఒక గడి ఉంది, రుచికి ఒక గడి ఉంది. మోసేవాడికి గడి లేదు. ఆ సాయంత్రమే గీశాను. పదకొండు రోజుల్లో యాభై ఏడు పార్సిళ్లు కట్టారు. నలభై తొమ్మిదింటిలో చివరి మాట మోసేవాడిదే. నా వంతుగా నేనూ ఒకటి చెప్పాను: ఎనిమిది మంది ముసలివాళ్లు ఆయన మెట్టు ఎత్తు చూసి వెనక్కి తిరిగారని. "అయితె ఇన్నేండ్లు నా మోకాళ్లను వట్టే లెక్కేసుకున్న," అని నవ్వి, మరునాడే మెట్టు కింద ఒక బండ వేయించారు.

నేను సీళ్లు మానేసి జాడీలు, కాంటా ముందుకు జరిపాను. ఆయన చింతకాయ తొక్కు పెట్టేవారు కాదు. అడిగినవాళ్లను నా వైపు చేయి చూపి పంపేవారు. లక్ష్మికి చెప్పిన రెండు నెలలూ గడిచాయి. మిల్లు మాట మళ్లీ రాలేదు.

మరుసటి ఏడు, కూర్చోవడానికి సొంత మెత్త చంకన పెట్టుకుని చాచా తన వంతుకు వచ్చారు. నాలుగు రోజులు నా స్టూలు మీద కూర్చుని చూశారు. నాలుగో సాయంత్రం లేస్తూ, "కాంటనే చూస్తున్నవ్ మల్లేశం. జర మనిషి మొఖం గూడ చూడు," అన్నారు. మర్నాడు పొద్దున, ఆయన గుండె ఆగిందని చాయ్ హోటల్ అతను వచ్చి చెప్పాడు.

ఇవాళ కూడా కాంటా మీద అంకె నిలిచేలోపే తల ఎత్తి, మోసేవాడి ముఖం చూస్తాను. ఆయన మెత్త ఇంకా నా స్టూలు మీదే ఉంది. పదకొండులో నాలుగు తీరాయి. చాచాకు నేను నా దుకాణంలో ఏడు రోజుల చోటు బాకీ.