మామయ్య రివాల్వర్లు, మా పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో సరిగ్గా తెలియదు. ధైర్యవంతురాలినని కాదు, పోగొట్టుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు, అంతే. ఒక ఎం.ఎస్. పట్టా, జిప్పు పాడైన సూట్‌కేసు, రాబోయే ఉద్యోగం మీద అంతులేని నమ్మకం. ఇప్పుడు నన్ను చూస్తే ఆ పిల్ల గుర్తుపట్టదు. గొంతుకడ్డం పడుతుందని, ద్రాక్షపండుని నిలువునా కోయకుండా మా బుజ్జిగాడి చేతికివ్వను. ప్లగ్గులకి మూతలు, మెట్లకి గేటు, బాత్‌రూమ్ కమోడ్ మూతకి కూడా ఒక తాళం (అది తీయడం మా ఆయనకి ఇప్పటికీ చేతకాదు, ఇంటికొచ్చిన చుట్టాల అవస్థ చెప్పనక్కర్లేదు). వాడిని ఎవరైనా ఆడుకోవడానికి పిలిస్తే, ఎప్పుడు రావాలి అని అడిగే ముందే, "ఏమీ అనుకోకండి, మీ ఇంట్లో తుపాకులున్నాయా?" అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ మా వదిన గుర్తొస్తుంది. వదిన వెనకే, బొట్టు పెట్టించుకున్న నాలుగు రివాల్వర్లతో మా మామయ్య గుర్తొస్తాడు.

మామయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. హ్యూస్టన్ శివార్లలో ఉండేవాడు. మురుగునీటి పైపులు డిజైన్ చేసే ఇంజనీరు. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించాలంటే చెయ్యి బారుగా చాచి, మొహం పూర్తిగా పక్కకి తిప్పేసుకునేవాడు. గరాజ్‌లో బల్లి కనిపిస్తే అత్తయ్యని కేకేసేవాడు. అలాంటి మనిషి, అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడాది, కాఫీ తాగుతూ తాగుతూ ఒక రోజు ప్రకటించాడు: "నాకంటూ ఒక చిన్న రివాల్వర్ల కలెక్షన్ ఉండాలే." చిన్నప్పుడు బెజవాడలో నేల టిక్కెట్టు మీద చూసిన కౌబాయ్ గుర్రాల సినిమాల ధూళి అంతా ఆయన లోపల అలాగే ఉండిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

అత్తయ్యది వరంగల్. యూనివర్సిటీలో మామయ్యని తనే ఎంచుకుని పెళ్ళి చేసుకుంది కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు తనకి అందరికంటే ఎక్కువని ఆమె నమ్మకం.

"గిదేం పిచ్చి? ఇంట్ల బల్లిని ఎల్లగొట్టనీకి నేను గావాలె, నీకేమో తుపాకి గావాల్నా?"

"కాల్చడానిక్కాదే, చూసుకోడానికి. నువ్వు పట్టుచీరలు బీరువాలో పెట్టుకుని చూసుకోవూ? ఇదీ అంతే."

ఆ పోలిక తేవడం ఆయన చేసిన పొరపాటు. అత్తయ్య వెంటనే అందుకుంది. "మంచిది. చీరల లెక్కనే అయితే అవసరమైనయే కొనాలె. కొనేముందు నాకు చూపియ్యాలె. ఇంట్లకు ముందుగాల తాళంపెట్టె రావాలె, తుపాకి తర్వాత. గుండు మాత్రం గడప తొక్కొద్దు."

అలా ముందు మనిషెత్తు ఇనప్పెట్టె ఒకటి వచ్చింది. దాన్ని పూజగది పక్కనున్న అరలో దింపేసరికి మోసుకొచ్చినవాళ్ళు మంచినీళ్ళడిగారు. ఆయుధాలు దాచే చోటు కాబట్టి అత్తయ్య దానికి జమ్మిచెట్టు అని పేరు పెట్టింది. దాని తాళంచెవి మామయ్య మొలతాడుకి వేలాడేది. పెట్టె వచ్చింది, ఇక అందులోకి అవసరమైనవి ఏవి అన్నది మిగిలింది. అప్పుడు నేను చదువైపోయి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వాళ్ళింట్లోనే ఉంటున్నాను. శనివారాలు మామయ్యకి తోడు నేనే. ఒక్కటే చిక్కు. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకి ముట్టుకోకూడదని ఆయన ఎక్కడో చదివాడు. "నువ్వు కళ్ళతో చూడమ్మలూ, చేతులు జేబులో పెట్టుకో" అనేవాడు. ఆ ఎండలో జీన్స్ జేబుల్లో చేతులు కుక్కుకుని, మెడ సాచి రివాల్వర్లు చూసేదాన్ని. దుకాణంలో వాళ్ళు నన్ను దొంగతనానికొచ్చిన పిల్లననుకున్నా తప్పులేదు.

దుకాణం నడిపేది ఒక బామ్మగారు. కళ్ళజోడు గొలుసు మెడలో వేలాడుతూ ఉండేది. అందరినీ 'హనీ' అనే పిలిచేది. మామయ్య ఆవిడకి తన సిద్ధాంతం వివరించాడు. కలెక్షన్ అంటే భోజనం లాంటిదట. నేర్చుకోవడానికి చిన్న గుండ్లది ఒకటి, అది మొదటి ముద్దలో నెయ్యి. పాతకాలం పోలీసులు నడుముకి పెట్టుకున్న రకం ఒకటి, అది పప్పు. ప్రతి గుండుకీ వెనకున్న మీటని బొటనవేలితో లాగి పేల్చే గుర్రాలవాళ్ళది ఒకటి, అది ఆవకాయ. కోటు జేబులో పట్టే పొట్టిది ఒకటి, అది పెరుగు. (ఇదంతా ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ తలూపుతూ వింది. ఏం అర్థమైందో దేవుడికెరుక.) అవి రివాల్వర్లే ఎందుకు కావాలని నేనడిగితే మాత్రం ఆయన గొంతు మారిపోయింది. "పిస్తోలు లోపల ఏం దాచుకుందో పైకి తెలీదే. ఇది చూడు, చక్రం పక్కకి తీసి కిటికీకేసి పట్టుకుంటే ఆరు గదుల్లోంచీ వెలుతురు కనిపిస్తుంది. ఖాళీ అంటే ఖాళీ. మోసం లేని వస్తువు."

పప్పుని ఎంచడానికి అత్తయ్య స్వయంగా వచ్చింది. బల్ల ముందు కుర్చీ లాక్కుని, చీరల కొట్లో కూర్చున్నట్టే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బామ్మగారు మఖ్మల్ గుడ్డ పరిచి ఒక్కొక్కటే పెడుతున్నారు. "ఇంకేమున్నయో అన్ని తియ్యమను. ఇది మరీ నల్లగుంది. ఇదేంది, పిడి ప్లాస్టిక్ లెక్కనుంది?" చివరికి ఎర్రచందనం రంగు చెక్కపిడి ఉన్న పాతది ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసింది, వంకాయ చూసినట్టు. "గిది తీస్కో. దీనికి కళ ఉన్నది." అప్పటిదాకా నెలరోజులుగా ఇంటర్నెట్‌లో తుపాకుల ఫోరమ్‌లన్నీ చదివిన మామయ్య మొహం చిన్నబోయింది. బామ్మగారు మాత్రం, ఇంట్లో ఎవరికి తెలుసో నాకర్థమైంది అన్నట్టు నావైపు చూసి కన్ను కొట్టారు.

గారెలు కూడా ఉండాలని మామయ్య మధ్యలో సరదాపడ్డాడు. అంటే, అన్నిటికంటే పెద్దది. బామ్మగారు అద్దెకిచ్చారు, వెనకాల షూటింగ్ గదిలో ఒకసారి పేల్చి చూడమని. నేను అద్దం వెనక నిలబడి చూశాను, చేతులు జేబులో. ఒకే ఒక్క గుండు. మామయ్య కళ్ళజోడు ఒకవైపు, టోపీ ఇంకోవైపు వెళ్ళాయి. ఆయన మణికట్టు పట్టుకుని బయటికొచ్చి, ఎంతో గంభీరంగా, "ఇది భోజనంలోకి రాదమ్మలూ" అన్నాడు. అలా నాలుగుతో విస్తరి నిండింది.

అదే సమయంలో నాకో సంబంధం వచ్చింది. ఆస్టిన్‌లో ఉద్యోగం, రాజమండ్రి వాళ్ళు. కొన్నిసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. నవ్వు మొదలుపెట్టి మధ్యలో ఆపి, ఎదుటివాళ్ళు కూడా నవ్వుతున్నారో లేదో చూసుకుని మళ్ళీ నవ్వే అలవాటు ఆ అబ్బాయికి. ఆ నవ్వు వినడానికే నేను చెప్పిన జోకులే మళ్ళీ చెప్పేదాన్ని. ఇంతలో అతనే అసలు సంగతి చెప్పాడు. "అమ్మ పోయాక అక్కే నన్ను పెంచింది. అక్కకి నచ్చకపోతే నేను ముందుకెళ్ళలేనండీ." ఆ అక్క డాలస్‌లో ఉంటుంది, నడక నేర్చిన పాప ఉంది, దసరా శనివారం పాపని తీసుకుని తమ్ముడితో కలిసి మా మామయ్య ఇంటికి వస్తుంది. ఆ వారమంతా నాకు అన్నం సరిగ్గా దిగలేదు. నాకు అతను కావాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు కానీ అత్తయ్యకి తెలిసిపోయింది.

"సూడు," అంది మామయ్యతో, వేలు చూపించి, "ఆ దినం నీ తుపాకులు ఒక్కటి గూడ కంటవడొద్దు. పిల్ల బతుకు."

"జమ్మిచెట్టులోంచి బయటికి తియ్యనే తియ్యను, ఒట్టు."

బయటికి తీయించింది అత్తయ్యే. దసరా పొద్దున గడ్డి కోసే మిషన్‌కి, కారుకి, స్క్రూడ్రైవర్ల పెట్టెకి, తన కుట్టుమిషన్‌కి బొట్లు పెట్టి, గుమ్మంలో నిలబడి ఆలోచించింది. "ఇంట్ల నిజమైన ఆయుధాలు వెట్టుకుని, స్క్రూడ్రైవర్లకు పూజ జేసి వాటికి జెయ్యకపోతే మంచిగుంటదా? ఆళ్ళు పదకొండుకు వస్తమన్నరు. అంటే ఒంటిగంట. అప్పటిదాక లోపల పెట్టెయ్యొచ్చు." ఈ లెక్కలో మాకెవరికీ తప్పు కనిపించలేదు. అమెరికాలో ఇన్నేళ్ళుగా మేం చూసిన ఏ తెలుగు కుటుంబమైనా పదకొండన్నాక ఒంటిగంటకే వచ్చింది. పైగా ఫోన్లో దారి చూపించే రోజులు కావవి. కాగితం మీద అచ్చువేసుకున్న దారి పట్టుకుని, మా ఎగ్జిట్ దగ్గర తప్పిపోని మనిషి లేడు.

సరిగ్గా పదకొండింటికి బెల్ మోగింది. (ఎక్కడ తప్పిపోతామోనని ఆ అక్క, అంటే ఇప్పటి మా వదిన, గంట ముందే వచ్చి, మా వీధి చివర కారులో కూర్చుందట.) అమ్మవారి పటం ముందు పీట మీద నాలుగు రివాల్వర్లూ, చక్రాలు పక్కకి తీయడానికి వీలున్నవి తీసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో బంతిపువ్వుతో ఉన్నాయి. ఉక్కుకి తడి తగిలితే తుప్పు పడుతుందని మామయ్య చెవిపుల్లలు, నూనెసీసా తెచ్చుకుని అప్పుడే తుడవబోతున్నాడు. "తలుపు మూసెయ్యి, తలుపు!" అంది అత్తయ్య. మూశాడు. ఆ తలుపు గొళ్ళెం ఎప్పుడూ సరిగ్గా పడదన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తులేదు.

అందరూ కూర్చున్నారు. నేను పట్టుచీరలో పాయసం గిన్నెల ట్రే పట్టుకుని వచ్చాను. అతను నన్ను చూసి నవ్వబోయి, ఆపి, అక్క మొహం చూశాడు. వదిన నవ్వలేదు. ఇల్లంతా ఒకసారి కలియజూసి, "ఏమీ అనుకోనంటే ఒక క్వశ్చన్ అడగాలండీ. ఎవరింటికెళ్ళినా అడుగుతాను, పాప నడుస్తోంది కదా. ఇంట్లో గన్స్ ఉన్నాయా?" అంది.

ఇదేం ప్రశ్న, పెళ్ళిచూపులకొచ్చి, అనిపించింది నాకు. అత్తయ్య మామయ్యని చూసింది. మామయ్య ఫ్యాన్‌ని చూశాడు. నాకు మాత్రం, వాళ్ళందరి వెనక, పూజగది తలుపు నెమ్మదిగా తెరుచుకోవడం కనిపించింది. తలుపు మీద ఒక చిన్న చెయ్యి.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు తెలియదు, వాళ్ళు చెబితేనే తెలిసింది. ట్రే వదిలేశానట. కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, టీపాయ్ మీదుగా అవతలికి దూకానట. నాకు తెలివి వచ్చేసరికి పూజగది గడప మీద మోకాళ్ళ మీద ఉన్నాను, పాప నా చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది, వెనక సోఫాలో పెళ్ళికొడుకు లేతనీలం చొక్కా నిండా పాయసం.

"ఉన్నాయండీ," అన్నాను, ఆయాసపడుతూ. "నాలుగు. పూజలో ఉన్నాయి."

వదిన వచ్చి పాపని అందుకుంది. లోపలికి చూసింది. అమ్మవారు, రివాల్వర్లు, స్క్రూడ్రైవర్లు, కుట్టుమిషన్. "లోడెడ్?" అంది.

మామయ్య దెబ్బతిన్నట్టు చూశాడు. "అమ్మా, మా ఇంట్లో గుండన్నదే లేదు. షూటింగ్ రేంజ్‌లోనే గుండ్లు కొని, అక్కడే ఖర్చు చేసి వస్తాను. మీరే చూడండి." అత్తయ్య ఎంచిన చెక్కపిడిదాన్ని తీసి, తెరిచి ఉన్న చక్రాన్ని కిటికీకేసి పట్టాడు. వెలుతురు చుక్కలు వరసగా కనిపించాయి. ఒక్క గది మాత్రం చీకటిగా ఉంది.

మామయ్య మొహంలో రక్తం లేదు. ఆయన చెవిపుల్ల తీసుకుని ఆ గదిలోకి పొడిచాడు. అవతలివైపు నుంచి పసుపు ముద్ద ఒకటి ఊడి పీట మీద పడింది.

"నేనే," అంది అత్తయ్య, నెమ్మదిగా. "దానికి బొట్టు వెట్టనీకి సదరంగ జాగ దొరకలే. ఆ గుంత మంచిగ కనవడ్డది."

వదిన నవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపింది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, మళ్ళీ నవ్వింది. అదే నవ్వు! అక్కాతమ్ముళ్ళకి ముక్కులు కలుస్తాయని విన్నాను కానీ, నవ్వు ఇలా అచ్చుగుద్దినట్టు కలుస్తుందని నాకు తెలియదు. సోఫాలోంచి అతను చొక్కా మీది జీడిపప్పు ఒకటి నోట్లో వేసుకుని, "బాగా వేయించారండీ" అన్నాడు.

వెళ్ళేటప్పుడు వదిన అత్తయ్య చేతులు పట్టుకుంది. "గన్స్ ఉన్న ఇల్లు నాకు నచ్చదండీ, అబద్ధం ఎందుకు. పెళ్ళయ్యాక వీళ్ళింట్లో ఎప్పటికీ ఉండకూడదు. కానీ ఈ పిల్ల... నేనింకా ఆన్సర్ కోసం వెయిట్ చేస్తున్నాను, తను అప్పటికే దూకేసింది. నాకంటే ముందు." అని ఆగి, "డేట్స్ మీరే చూడండి" అంది.

ఇన్నేళ్ళ తర్వాత, పోయిన దసరాకి, బుజ్జిగాడిని తీసుకుని మొదటిసారి మామయ్య ఇంటికి వెళ్ళాలనుకున్నాం. ముక్కూ మొహం తెలియని తల్లులందరినీ అడిగే ఆ ప్రశ్న మామయ్యని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఫోన్ చేయడం, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేయడం. చివరికి ఆయనే అన్నాడు: "అమ్మలూ, నువ్వు అడగలేకపోతున్నావులే కానీ, విను. జమ్మిచెట్టుకి రెండో తాళం కూడా వేయించాను. ఒక తాళంచెవి నా దగ్గర, ఇంకోటి మీ అత్తయ్య దగ్గర. ఇద్దరం ఒప్పుకుంటే తప్ప తెరుచుకోదు. అంటే, ఇక తెరుచుకోదు." వెనకనుంచి అత్తయ్య గొంతు: "పూజ గూడ తలుపుకే జేస్తున్నమని చెప్పు!"

నిజంగానే ఇనప్పెట్టె తలుపుకి పసుపు, మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు. మేమంతా కూర్చుని పాయసం తింటుంటే బుజ్జిగాడు తప్పటడుగులు వేసుకుంటూ దాని దగ్గరికి వెళ్ళాడు. మూసి ఉంది, రెండు తాళాలున్నాయి, నాకు తెలుసు. ఆ బొట్టు మీద వేలు పెట్టి, ఎర్రబడ్డ వేలిని వింతగా చూసుకుంటున్నాడు. జీవితంలో ఒక్క రివాల్వర్ కూడా ముట్టుకోని నేను, ఆలోచించకుండా టీపాయ్‌లు దూకిన ఆ పిల్లని తలుచుకున్నాను. ఆ రోజు ఒక్కసారి దూకి ఊరుకుంది, అదృష్టవంతురాలు. నేనేమో రోజంతా లోలోపల దూకుతూనే ఉంటాను. దూకకూడదు, కూర్చో, అని నాకు నేనే చెప్పుకుంటూ కుర్చీ అంచుకి జరిగాను.

పక్కన మా ఆయన తన పాయసం గిన్నె తీసి, నాకు అందనంత దూరంగా పెట్టుకున్నాడు.