తోటలో బస్టాండు

ఆ ఉదయం మామూలుగానే మొదలైంది. ప్రార్థన ముగించి, అమలాపురంలోని మా ఇంటి వసారాలో కాఫీ తాగుతున్నాను. పక్కింట్లో కుక్కరు కూస్తోంది. విజయవాడ నుంచి మా చిన్న చెల్లెలి కూతురు స్నేహ ఫోన్ చేసింది. పట్టణ ప్రణాళికలో పీజీ చేస్తోంది. "పెద్దమ్మా, మనూళ్లో చర్చి వెనక కొబ్బరిచెట్లున్నాయే, అదేంటి?" "తోటమ్మా," అన్నాను. పాలు పొంగుతున్నాయని పెట్టేశాను.

కొన్నాళ్లకు తనే వచ్చింది. రాజోలు దగ్గరున్న మా ఊరికి ప్రణాళిక తయారుచేయడం వాళ్ల తరగతి పని. గీసినదాన్ని పట్టుకుని ఆ నేల మీద నడిచాకే పంచాయతీకి చూపించాలని వాళ్ల మేడం నియమం. చూపించాల్సింది మర్నాడే. నేను తోడు బయల్దేరాను.

ఇలాంటి పని మీద వచ్చేవాళ్లు అమలాపురం బస్టాండులో ఏడింటికల్లా రాజోలు బస్సెక్కండి. గంటకు పైనే పడుతుంది, టికెట్టు యాభై దాటదు. అక్కణ్నుంచి షేర్ ఆటోలుంటాయి.

ఆటో చర్చి ఎదురుగా మా ఖాళీ స్థలం దగ్గర ఆగింది. అది మా ముగ్గురు అక్కచెల్లెళ్లకు అమ్మ వదిలిన స్థలం. ప్రహరీ కోసం ఇటుకలు దింపించాం. బస్సు కోసం వచ్చిన ఆడవాళ్లు నెత్తిన కొంగులు కప్పుకుని, ఆ ఇటుకల మీదే కూర్చున్నారు.

స్నేహ మ్యాపు విప్పింది. "ఇదిగో బస్టాండు. తోట కాబట్టి ఎవరి ఇల్లూ పోదు, పెద్దమ్మా."

చర్చి వెనక నీలం గడి. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను.

ఆటో ఆయన తొంగి చూశాడు. "అక్కడ బస్టాండేంటండీ? బస్సెక్కడికండీ, పరలోకానికా?"

"అది తోటే కదండీ?" అంది స్నేహ.

"ఆయ్, తోటేనండీ. సమాధుల తోట. మా నాన్నగార్నీ అక్కడే పెట్టేం. ఆయనకసలు బస్సు పడదండి."

మా వైపు సమాధుల తోటను ఉత్తి తోట అనే అంటాం. స్నేహ పుట్టకముందే అమ్మను అక్కడ పెట్టాం. పైనుంచి తీసిన ఫోటోలో కొబ్బరి మట్టలే కనిపిస్తాయి.

లోపలికి తీసుకెళ్లాను. రాతి మీద పేరు చదివి స్నేహ అక్కడే కూలబడింది.

"అమ్మమ్మ మీద గీసేశాను, పెద్దమ్మా."

"తోటని చెప్పింది నేనే కదమ్మా."

ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. కళ్లు తెరిచాక స్నేహ రోడ్డవతల ఇటుకల మీదున్న ఆడవాళ్ల వైపు చూసింది. "మరి వాళ్లెక్కడ నిలబడాలి?"

ప్రణాళిక చదువంటే గీతలు నేర్చుకోవడమే అనుకునేదాన్ని. రేపు ఎవరి ఊరో గీయబోయే పిల్లలకు ఒక్క మాట: స్థలం పేరు విని ఊరుకోకండి, "అక్కడ ఎవరుంటారండీ?" అని అడగండి.

సాయంత్రం అక్కచెల్లెళ్లం ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ప్రహరీని రోడ్డు నుంచి ఎనిమిదడుగులు వెనక్కి జరుపుదామంది నడిపి చెల్లి. బస్టాండుకు చాలదు గానీ నీడకో షెల్టరు పడుతుంది. స్నేహ గడిని రోడ్డు దాటించి మా స్థలం అంచున పెట్టింది. చర్చి వెనక "సమాధుల తోట" అని పూర్తిగా రాసింది. షెల్టరు లేచేదాకా ఆ ఇటుకలు కదపొద్దని మేస్త్రీకి చెప్పాం.