పెద్ద రోడ్డు ఎక్కే దాకా

డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం. కొండాపూర్ దిక్కు పల్లెల్లో రోడ్డు పని. నేను గ్యాంగు కూలీని, నా పెనిమిటి దేవయ్య డాంబరు కాచేవాడు. నాకు సంతకం వరకే చదువు. నోటితో చెబుతున్నాను, మా మేనకోడలు రాస్తోంది. ఏ దిక్కు రోడ్డు మంచిది, ఏ దిక్కుది చెడ్డది అని అడిగేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే.

ముందు పని సంగతి చెప్పాలి. రోడ్డు అడుగున పరిచే పగలగొట్టిన రాయిని మేం మెటల్ అంటాం. దాని మీద మొరం, అంటే గరుకు ఎర్రమట్టి, చల్లి, నీళ్లు పోసి, రోలర్‌తో తొక్కాలి. అప్పుడే రాయి రాయిని పట్టుకుంటుంది. డాంబరు ఆ తర్వాతే. అంతకు ముందు ఇదే గ్యాంగుతో బొంబాయి పోయే పెద్ద రోడ్డు పని చేశాం, కొండాపూర్ రోడ్డు కలిసే చోటు నుంచి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు దాకా. అటు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోశారు, రోలర్ పొద్దంతా తిరిగింది. కొండాపూర్ దిక్కున మెటల్ పరిచింది కరువు పనుల్లో. మనుషులు తాగడానికే నీళ్లు లేవు, రోడ్డుకు ఎవరు పోస్తారు? రోలర్ వచ్చి పైపైన తొక్కి పోయింది. చేతులు అవే, గుట్ట రాయీ అదే. అక్కడ రోడ్డు నున్నగా పడుకుంది, ఇక్కడ పళ్లు ఇకిలించింది.

మాకు మెటల్, డాంబరు డ్రమ్ములు తెచ్చే లారీ డ్రైవర్ ఖాసిం భాయ్. దేశమంతా తిరిగినవాడు. అన్నాల వేళ మా దగ్గర కూర్చుని రోడ్ల ముచ్చట్లు చెప్పేవాడు.

"నా కండ్లకు గంత కట్టి కూసోబెట్టున్రి, యాడున్ననో నడుముతోని చెప్త. బొంబాయి దిక్కు పరుపు. బీదర్ దిక్కు నల్లరేగడి, ఉయ్యాల లెక్క ఊపుతది. కోస్తా దిక్కు కాలువ గట్లు, జారుడే జారుడు."

"మరి మన దిక్కు?" అన్నాడు దేవయ్య.

"మీ దిక్కు రోడ్డు యాడుంది భాయ్? రాళ్ల కుప్పను లాగి పొడుగు జేసిన్రు."

"గా కుప్ప పోసింది మేమే. జెర ఇజ్జత్ ఇయ్యి."

"ఇజ్జత్ ఇస్తగని, నా లారీ కింద కమాన్ పట్టీలు విరుగుతున్నయి, గవి ఎవలిస్తరు?"

దేవయ్యకు నవ్వు ఆగేది కాదు. డాంబరు పొగకు దగ్గొచ్చేది, అయినా నవ్వేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. డాంబరు ఎప్పుడూ దూరపు కొస నుంచి మొదలుపెట్టి, సామాను వచ్చే వైపుకు జరుగుతూ వేస్తాం. లేకుంటే బరువుతో వచ్చే మన లారీలే మన పచ్చి రోడ్డును తొక్కి చెడగొడతాయి. కాబట్టి ఆఖరి ఊరి దగ్గర మొదలుపెట్టాం. పెద్ద రోడ్డు వైపు అంతా ఇంకా వట్టి మెటలే.

పని మొదలైన కొద్ది రోజులకే అకాల వాన ఒకటి పడింది. బయట ఉన్న డ్రమ్ములోకి మూత సందు నుంచి నీళ్లు దిగాయి. అడుగున నీళ్లుంటే డాంబరు కాగేటప్పుడు పాలలాగా పొంగుతుంది. దేవయ్య వంగి కలుపుతున్నాడు. ఛాతీ నుంచి తొడల దాకా మీద పడింది. అంటుకున్న డాంబరును పీకితే తోలు ఊడి వస్తుందని మాకు తెలుసు. అందుకని పీకలేదు, తొట్టిలోని నీళ్లు మీద కుమ్మరించాం. మా మేస్త్రి అరిచాడు: "జల్దీ లారీ తియ్యి! సంగారెడ్డి దవాఖానకు!"

లారీ వెనక గోనె సంచులు పరిచి పడుకోబెట్టారు. తల నా ఒడిలో. మేం వేసిన నున్నటి ముక్క వెనక ఊరి వైపు ఉండిపోయింది. ముందంతా రాళ్లు.

ఒక్కో కుదుపుకు దేవయ్య మూలిగాడు. జోరుగా పోతే ఎగిరి పడుతున్నాడు, మెల్లగా పోతే దవాఖాన దూరమవుతోంది. "మెల్లగ పో భాయ్!" అని ఒకసారి అరిచాను, "జల్దీ పో!" అని ఒకసారి అరిచాను. ఆయన ఏం చేస్తాడు? పాపం, క్యాబిన్‌లో ఏడుస్తూనే తోలాడు. దేవయ్య "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు. నడుమ ఒక్కసారి నా వైపు చూసి, "గీ రాయి నువ్వు పరిసిందేనా?" అన్నాడు. నవ్వించాలని అన్నాడో, నొప్పికి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇద్దరం పరిసినం," అన్నాను.

చాలాసేపటికి ఖాసిం భాయ్ గొంతు వినిపించింది. "పెద్ద రోడ్డు ఎక్కుతున్నం అక్కా! ఇగ కుదుపుండదు!"

టైర్ల కింద గరగర ఆగింది. కుదుపు ఆగింది. దేవయ్య మూలుగూ ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నుదుటి మీద చెమట కొంగుతో తుడిచాను. "సూసినవా? మనం ఏసిన రోడ్డే గిది. జెరసేపు కన్ను మూసుకో," అన్నాను. నిద్ర చెడకుండా దవాఖాన దాకా కదలకుండా కూర్చున్నాను.

ఖాసిం భాయ్ వచ్చి వెనక తలుపు దించాడు. దేవయ్య ముఖం చూసి, తల మీది టోపీ తీశాడు. "అక్కా," అన్నాడు.

లోపల డాక్టరు అడిగాడు: "ఎప్పుడు పోయిండమ్మా?"

ఖాసిం భాయే చెప్పాడు: "రోడ్డు మంచిగైన కాడ, సార్."

నెల తిరగకముందే మళ్లీ అదే పనికి పోయాను. ఇంకో పని రాదు. ఆ రోడ్డును వెనక్కి వెనక్కి జరుగుతూ పెద్ద రోడ్డు దాకా తెచ్చాం. ఇద్దరి చేతుల రాయి మీద నా ఒక్కదాని చేతులతో డాంబరు పోశాను. ఆఖరి అతుకు దగ్గర ఖాసిం భాయ్ లారీ ఆపి, దిగి, చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడ్డాడు. ఈసారి ఏ దిక్కుతోనూ పోల్చలేదు.

రోడ్డు ఎట్లుందో సీటులో కూర్చున్నవాళ్లకు తెలియదు. లారీ వెనక పడుకున్నవాడికి తెలుస్తుంది. నాకు దొరికిన చదువు అంతే. ఇప్పుడు బస్సులో పోతున్నా, గతుకులు దాటి నున్నటి రోడ్డు ఎక్కగానే అందరికీ కునుకు పడుతుంది. నాకు పట్టదు. పక్కన ఉన్నది మేనకోడలైనా, ముఖం తెలియని మనిషైనా, భుజం తట్టి లేపుతాను.

"ఏమన్న మాట్లాడు బిడ్డా," అంటాను. "ఏదైన సరే, మాట్లాడు."