వకీలు గారి బాకీలు

రాయపూర్‌లో అప్పు లేని మనిషి దొరకడం కష్టం. కానీ తన అప్పుల్ని పెళ్లిపందిట్లో కూడా గొంతెత్తి చెప్పుకునే మనిషి మాత్రం ఒక్కరే, వకీలు గురునాథం గారు. "బాగున్నారా?" అని పలకరిస్తే చాలు. "ఏం బాగండీ, గుఢియారీలో బంగారయ్య కిరాణా కొట్టుకి మూడు నెలల బాకీ. పండరీలో బట్టల సేఠ్‌కి మొహం చూపించలేక మోవా పేట మీదుగా చుట్టు తిరిగొస్తున్నాను" అనేవారు, కొడుక్కి ఫస్టు క్లాసు వచ్చినంత సంబరంగా.

ఒకసారి తెలుగు సంఘం వాళ్లు ఆయన్ని వేదికెక్కించి వినియోగదారుల హక్కుల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆయన నాలుగు బాకీలు చెప్పి దిగిపోయారు. పక్క కుర్చీలోని అధ్యక్షుడు ఆయన దిగేదాకా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

బట్టలు కుట్టే పైడమ్మకి ఈ గొడవంతా ఒళ్లు మంట. "తన అప్పే తీర్చుకోలేనాయన మన కష్టమేటి తీరుస్తాడు?" అనేది పక్కింటి సూరమ్మతో.

అలాంటి పైడమ్మే ఆ ఏడాది, అంటే తొంభై నాలుగు వేసవిలో, ఆయన గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. కుట్టుమిషను మీదే ఆమె ఇల్లు నడిచేది. ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర కిస్తీల మీద తీసుకున్న మిషను అది. ఒక్క కిస్తీ ఆలస్యమైతే జరిమానా, జరిమానా మీద వడ్డీ, ఎవరూ అడగని ఇన్సూరెన్సు అన్నీ కలిపి మోపెడు బాకీ తేల్చారు. వసూళ్ల మనిషి పొద్దున్నే కుళాయి దగ్గరకొచ్చి, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరి ముందూ ఆమె పేరు పెట్టి అరిచాడు. మర్నాడు మిషను ఎక్కించుకుపోయాడు. అసలే పెళ్లిళ్ల రోజులు, కుట్టాల్సిన జాకెట్లు ఇంటినిండా ఉన్నాయి. పైడమ్మ అవమానంతో కుళాయికి వెళ్లడమే మానేసింది.

వకీలు గారి ఎదుట కూర్చున్నాక ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయనే మొదలుపెట్టారు.

"సిగ్గెందుకమ్మా? నాకంటేనా? బంగారయ్యకి మూడు నెలల..."

"తెలుసు బాబూ. ఊరంతటికీ తెలుసు."

"మరింకేం? చెప్పు."

ఈయన దగ్గర దాచేదేముంది అనిపించి పైడమ్మ అంతా చెప్పేసింది.

"మిషను తీసుకుపోతామని ముందుగా కాగితం పంపారా?"

"కాగితమా? కుళాయి కాడ కేకలేసినాడు."

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "భేష్! ఎంత గట్టిగా?"

"నా పరువు పోయి నేనేడుస్తుంటే భేషంటారేటి బాబూ!"

మర్నాడు నీళ్లొచ్చే వేళకి ఆయన నల్లకోటు తొడుక్కుని, పైడమ్మని వెంటబెట్టుకుని, కుళాయి దగ్గర ప్రత్యక్షమయ్యారు. "అమ్మల్లారా! నేను పండరీ సేఠ్‌కి బాకీ! మీలో ఇంకెవరికున్నాయి?" అని కేకేశారు. ఆడవాళ్లకి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే సూరమ్మ చెయ్యెత్తింది.

"నాకూ ఉంది బాబూ, ఆ కంపెనీదే. మా ఫ్రిజ్జు పట్టుకుపోనాడు."

వెనక ఇంకో చెయ్యి లేచింది, దాని వెనక మరొకటి. ఇన్నాళ్లూ ఒకే కుళాయికి బిందెలు పెడుతూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారన్నమాట. పైడమ్మకి కొండంత ధైర్యం వచ్చింది.

వకీలు గారు పైడమ్మ పేరున కంపెనీ మీద కేసు వేశారు. వాయిదా రోజున ఆడవాళ్లంతా వెళ్లి వినియోగదారుల ఫోరంలో బెంచీలు నింపేశారు. నోటీసు ఇచ్చాకే మిషను తెచ్చామని కంపెనీ వకీలు వాదించాడు. గురునాథం గారు వసూళ్ల మనిషి వైపు తిరిగి, "పాపం, నువ్వు చెప్పింది ఈవిడకి వినబడి ఉండదు" అని హిందీలో జాలిపడ్డారు.

వాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "పూరే మొహల్లే నే సునా సాబ్!" వీధి వీధంతా వినేలా పేరు పెట్టి అరిచానని గుండె మీద చరుచుకున్నాడు.

"మరి కాగితం?"

"ఇంత గొంతుండగా కాగితమెందుకు సాబ్?"

కంపెనీ వకీలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మిషను తిరిగివ్వాలని, అదనపు బాకీ చెల్లదని, పదిమందిలో అవమానించినందుకు పరిహారం కట్టాలని తీర్పొచ్చింది. మిషనుని ఆ వసూళ్ల మనిషే నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఆడవాళ్లు ఈలలు వేసి మరీ దారిచ్చారు. సూరమ్మ ఫ్రిజ్జుకైతే కేసు కూడా అక్కర్లేకపోయింది, కంపెనీ వాళ్లే తెచ్చి దించి దణ్ణం పెట్టి వెళ్లారు.

ఫీజు మాటెత్తితే వకీలు గారు ఒప్పుకోలేదు. ఆయన బాకీ అయినా తీరుద్దామని పైడమ్మ పరిహారం డబ్బుతో బంగారయ్య కొట్టుకి వెళ్లింది. బంగారయ్య తూకం ఆపి తెల్లబోయాడు.

"ఆయన బాకీ ఏటి? ప్రతి నెలా ముందే డబ్బిచ్చి, తర్వాత సరుకులు పట్టుకెళ్తారు. లెక్క చూస్తే నేనే ఆయనకివ్వాల."

"మరి ఊరంతటికీ బాకీ అని చెప్పుకుంటారేటి?"

"నేనూ అడిగినాను. 'అప్పు లేనివాడి ముందు అప్పున్నవాళ్లకి నోరు రాదయ్యా, నా బాకీ అలా ఉండనీ' అన్నారు."

పైడమ్మకి నవ్వూ, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చాయి. తిన్నగా ఆయన ఇంటికి బయల్దేరింది. అక్కడ ఎవరో రైల్వే గుమాస్తా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

"నాకంటేనా అండీ? బంగారయ్యకి మూడు నెలల..." అంటూ తలెత్తిన గురునాథం గారు, పైడమ్మ చేతిలోని నోట్లు చూసి సంగతి గ్రహించి గుమాస్తా వైపు కంగారుగా చూశారు.

పైడమ్మ నోట్లు చటుక్కున కొంగున దాచేసి గుమ్మంలోంచే లేని బాకీ ఒకటి అందుకుంది.

"బంగారయ్య సంగతి తర్వాత! నా కాడ కోటు కుట్టించుకుని ఏడాదైంది. డబ్బులెప్పుడిస్తారు బాబూ?"

వకీలు గారి మొహం వెలిగిపోయింది. "చూశారా! ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు!" అన్నారు గుమాస్తాతో గర్వంగా.

గుమాస్తా మెల్లగా తలెత్తి, "నాకూ ఒకటుందండీ" అన్నాడు.