నాన్న తుపాకి, అత్తగారి కడ్డీ

మొన్న అటక దులుపుతూ మా మనవడు రెండు మూరల పైచిలుకు పొడవున్న ఇనుపకడ్డీ ఒకటి కిందికి దించి, పాత ఇనుముకు వేసేయనా అవ్వా అని అడిగాడు. వాడి చేతిలో కరెంటుతో తిరిగే తిరుప్పులి ఉంది. మరలు తిప్పే పనిముట్టును మా వైపు అలాగే అంటాం. దానికి ఎన్ని రకాల మరలుంటే అన్ని రకాల ముక్కులట, డబ్బా నిండా అవే. నేను కడ్డీని అందుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆముదం వాసన, దూది నుసి తేలే మధ్యాహ్నపు ఎండ, విరుదునగరులో మా పాత ఇంటి నడవ, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నా చుట్టూ కూర్చున్నాయి.

పందొమ్మిదివందల ముప్పైల తొలి రోజుల మాట. పెద్దవాళ్ల నోట ఆ ఊరు ఇంకా విరుదుపట్టే. మా ఆయన పత్తి మిల్లులో ఫిట్టరు, ఆదివారం మాత్రం తుపాకుల మనిషి. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో అడవిపందుల బెడదకు రైతులు మందు కూరే నాటు తుపాకులు లైసెన్సుతో ఉంచుకునేవారు. అవి మొరాయిస్తే ఈయన దగ్గరికి తెచ్చేవారు. కూలి పుచ్చుకోడు, పిచ్చి అంతే. ఒక్క మర తిప్పాలంటే ముందు తిరుప్పులి ముక్కును ఆకురాయితో దువ్వి దువ్వి, ఆ మర గాడిలో కదలకుండా కూర్చునేదాకా అరపూట గడిపేవాడు. గాడికి సరిపడని పనిముట్టు పడితే మరా చెడుతుంది, చేయీ చీరుకుపోతుందనేవాడు. తుప్పు వదలడానికి నా చింతపండు, నానబెట్టడానికి నా ఆముదం! కొత్త కాపురంలో నా వంటింటికి ఆ తుపాకులే సవతులు.

ఎంత పిచ్చి ఉన్నా అత్తగారి కట్టడి ఒకటి ఉండేది. మామగారికి కూడా ఇదే సరదా, ఆ సరదాకే కుడిచేతి వేళ్లు రెండు సమర్పించుకున్నారు. అప్పటి నుంచి ఏ తుపాకి గడప దాటినా ముందు గొట్టంలో మందు కూరే కడ్డీ జారవిడవాల్సిందే. ఖంగుమంటే ఖాళీ, దబ్బుమంటే లోపల మందుంది. "కడ్డి ఏసి సూడు, ఆమీట ఆయుదం పట్టు. సెప్పింది మా అన్నైనా సరే" అనేది ఆవిడ. ఆయుదమంటే పనిముట్టు. ఆవిడ అన్నంటే మరెవరో కాదు, మా నాన్నే. మాది మేనరికం.

ఒక ఆదివారం పొద్దుటి బండికి నాన్న తన తుపాకితో దిగాడు. మర్నాడే కోవిల్‌పట్టిలో లైసెన్సు తనిఖీ. మీట నొక్కితే పేలి మందుకు నిప్పంటించే టోపీ పెట్టే చిన్న గొట్టం తుప్పుతో పూడుకుపోయింది, అది బాగుపడకపోతే తుపాకి దక్కదు. తుపాకి లేకపోతే కాయ ఊరబోయే వేరుసెనగ పందులపాలు. అత్తగారేమో మా ఆడపడుచు పురిటికని అరుప్పుకోట్టై వెళ్లి ఉంది. మా ఆయన ఎంత తిప్పినా ఆ గొట్టం కదల్లేదు. ఆముదంలో మూడు రోజులు నాననివ్వాలి, లేదా నిప్పు చూపించాలి. తిరుగు బండి రెండు గంటలకు. నాన్న తుపాకి ఖాళీదేనన్నాడు, విజయదశమి నాడు పూజ అయ్యాక పేల్చాను, ఊరంతా విన్నదన్నాడు. ఆపైన కడ్డీ వేస్తే పిల్లనిచ్చిన మామ మాట నమ్మనట్టవుతుందని మా ఆయన మొహమాటం. కుంపటి రాజేసి తెమ్మన్నాడు.

తెచ్చాను. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఆయన ముఖం చూసి ఎదురు మాట్లాడి ఎరగను, ఇక నాన్న మాటను కాదనడమా! కానీ మామగారి ఆ మొండి వేళ్లు నా కళ్లముందే ఆడాయి. నోరెలా పెగిలిందో నాకే తెలియదు.

"కడ్డి ఏయకుండా నిప్పు ఈను. అత్తకి నేనేం బదులు సెప్పేది?"

నాన్న ముఖం నల్లబడింది. "నా మాటే నమ్మవా, పాపా?" అన్నాడు. నేను కుంపటిని పెరట్లో దించి వచ్చి, గోడకు ఆనించి ఉన్న నాన్న తుపాకి కడ్డీనే అందుకుని గొట్టంలో వదిలాను.

దబ్బుమంది. ఖాళీ గొట్టంలోనైతే పూర్తిగా దిగే కడ్డీ నాలుగు వేళ్లు బయటే నిలిచిపోయింది.

విజయదశమి నాడు పేలింది ఒట్టి టోపీయేనన్నమాట. ఆ టప్‌మన్న చప్పుడు మేళాల హోరులో కలిసి తుపాకే పేలిందని ఊరూవాడా అనుకున్నారు, నాన్నతో సహా. పూడుకుపోయిన దారిలో నిప్పు లోపలికి అందనేలేదు, కూరిన మందు కూరినట్టే ఉండిపోయింది. మా ఆయన లేచి వెళ్లి కుంపటి మీద చెంబుడు నీళ్లు కుమ్మరించాడు.

మందు తడిపి తీసి, మూడు రోజులు ఆముదంలో నానబెట్టాక గొట్టం తేలిగ్గా వచ్చేసింది. నాన్న హడావిడిలో కడ్డీ మా నడవలోనే మరిచి, తుపాకి పట్టుకుని కోవిల్‌పట్టికి పరిగెత్తాడు. గడువు దాటిందని తుపాకి అక్కడే ఉంచేసుకున్నారు. ఆ ఏడు వేరుసెనగ మూడొంతులు పందులు తిన్నాయి. నన్నొక్క మాట అనలేదు నాన్న. పైగా కనబడిన వాళ్లందరికీ, "నా కూతురు నా మాట నమ్మలే, అందుకే నా అల్లుడు బతికె" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ తర్వాత ఏ తుపాకి వచ్చినా మా ఆయన ముందు నన్ను పిలిచి ఆ కడ్డీ నా చేతికిచ్చేవాడు.

ఇప్పుడా ఊళ్లలో తుపాకులూ లేవు, వాటిని బాగుచేసే పిచ్చివాళ్లూ లేరు. అన్ని మరలకూ సరిపడే ముక్కులు డబ్బాలోనే దొరుకుతుంటే ఒక్క మర కోసం అరపూట కూర్చునే ఖర్మ ఎవరికి? మంచిదే. మనవడు అటువైపు తిరిగినప్పుడు కడ్డీని నిలబెట్టి నేల మీదికి వదిలాను. ఖంగుమంది. ఒకప్పుడు ఆ చప్పుడు వింటే నా ప్రాణం కుదుటపడేది. ఆదివారం ఇంకా గడవలేదు, ఆయన నడవలోనే ఉన్నాడు, పని మొదలుపెట్టవచ్చు అని దానర్థం. మొన్న అదే చప్పుడు విని, ఆకురాయి రాపిడి వినబడుతుందేమోనని కాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను.