అవ్వకు మిగిలిన పుల్లలు

నా చిన్నప్పుడు ఒక్క వానాకాలంలో మా ఇంటి నుంచి పోయినవాటిని ఇప్పటికీ వరుసగా చెప్పగలను. పాలిచ్చే మేకలు రెండు. అవ్వ చెవికమ్మలు ఒక జత. నేను బడికి పోని రోజులు పదిహేను. చివరికి అవ్వ.

మేకలూ కమ్మలూ ప్రైవేటు డాక్టరుకు పోయాయి. అవ్వ పాదంలో తుమ్మముల్లు విరిగి పుండైంది. ఉదయగిరి ధర్మాసుపత్రిలో డబ్బు తీసుకోకుండానే చూస్తారని అందరూ చెప్పినా ఆమె కదల్లేదు. అంతకుముందెప్పుడో అక్కడ మందుల వరుసలో నిలబడితే, వెనకున్న ఒక పెద్దరైతు "శిస్తు కట్టేది మేము, మందులు మీకా?" అన్నాడట. మాకు సెంటు భూమి లేదు. ఆ మాట ముల్లుకంటే లోతుగా దిగింది. "సర్కారుకు పైసా కట్టినోళ్ళం కాదు. ఏ మొకం పెట్టుకోని పోయేది?" అనేది.

పక్కింటి అక్క మిషన్ బడిలో టీచరు. ఒక సాయంత్రం కొత్త అగ్గిపెట్టె తెచ్చి, పుల్లలన్నీ మా అరుగు మీద కుమ్మరించింది. పుల్ల దండగని పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకునే అవ్వకు అది చూసి ప్రాణం ఉసూరుమంది. అక్క అయిదు పుల్లలను పక్కకు జరిపింది.

"ఇయ్యి ఢిల్లీ సర్కారువి అవ్వా. కచ్చితంగా ఎన్నో నాకూ తెలీదు, అయిదనుకో. ఫ్యాక్టరీవోడు గేటుకాడే పన్ను కట్టేసి, దాన్ని ధరలో కలుపుతాడు. అంగడోడు నీకాడ వసూలు చేస్తాడు. సిపాయిల జీతాలకూ, రైలు పట్టాలకూ, ఆసుపత్రి సూదులకూ పోయేది ఆ డబ్బే."

"నాకు చెప్పకుండానే తీసుకున్నారా దొంగసచ్చినోళ్ళు!" అని అవ్వ నవ్వింది. తర్వాత ఆ అయిదు పుల్లలనూ చాలాసేపు చూసింది. పుండు ముదిరింది కాబట్టి ఉదయగిరి కాదు, ఆత్మకూరు పెద్దాసుపత్రికే పోవాలని అక్క చెప్పింది. మర్నాడు అవ్వ బస్సెక్కింది. అమ్మా నాయనా కూలికి పోవాలి గనుక తోడుగా నేను వెళ్ళాను.

అక్కడ అవ్వ మంచం మీద హక్కున్న మనిషిలాగే పడుకుంది. రెండో రోజు మాత్రం నన్ను దగ్గరకు పిలిచి, "నా పుల్లలు ఎన్నుండాయో చూడుమే. ఇంకొకరివి వాడుకుంటే బాకీ గదా" అంది. నాకు పదేళ్ళు. లెక్కల్లో నాకు ఎదురులేదని గర్వం. ఆడుకోవడానికి నేను దాచుకున్న ఖాళీ అగ్గిపెట్టెలు ముప్ఫై రెండు. పెట్టెకు అయిదు చొప్పున నూట అరవై. రోజుకు మంచానికి ఇరవై, సూదికి పది చొప్పున రెండు సూదులకు ఇరవై. ఈ ధరలు నేనే వేశాను. నాలుగో రోజు సాయంత్రం "చెల్లు, అవ్వా. నీ పుల్లలన్నీ అయిపోయినాయి" అన్నాను.

డాక్టరు ఇంకా పది రోజులు ఉండాలన్నాడు. అవ్వ ఆయనకు దణ్ణం పెట్టి, నా భుజం పట్టుకొని బస్సు దాకా కుంటుతూ నడిచింది.

ఇంటికొచ్చాక నేను అక్కకు పలక మీద లెక్క వేసి చూపించాను. ఆమె నన్ను కొట్టలేదు. పలక తీసి పక్కన పెట్టింది.

"అది చీటీపాట కాదమ్మే, ఎవురు కట్టింది వాళ్ళకే రావడానికి. అందరి పుల్లలూ ఒక్క పొయ్యిలోకే పోతాయి. ఎవురికి చలేస్తే వాళ్ళు కాచుకోవాల."

అదే మాట అవ్వకూ చెప్పి బతిమాలింది. అమ్మా నాయనా ఏడ్చారు. అవ్వ మాత్రం "పిల్ల లెక్క తప్పదు" అని గోడవైపు తిరిగింది. ఇంటికొచ్చిన పదకొండో రోజున పోయింది.

తర్వాత పద్దులు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు సబ్బు కొన్నా బిల్లులో పన్ను వేరే గీతలో కనబడుతుంది. ఆనాడు కనబడేది కాదు. పంట మీద వచ్చే ఆదాయానికి ఢిల్లీ పన్నే వేయదనీ తెలుసుకున్నాను. వరుసలో ఆ మాటన్న రైతుకూ, మా అవ్వకూ అగ్గిపెట్టె ధర ఒక్కటే. ఎవరైనా "మనమేం కట్టినాం" అని వెనక్కి తగ్గితే, చెయ్యి పట్టి వరుసలో నిలబెట్టి వస్తాను.

అవ్వ అడిగిన లెక్క ప్రకారం చూసినా నేను తప్పే వేశాను. నా కళ్ళముందున్న పెట్టెలనే లెక్కపెట్టాను. అవ్వ నలభై ఏళ్ళు పొయ్యి వెలిగించింది. పొదుపుగా నెలకు రెండే అనుకున్నా తొమ్మిదివందల అరవై పెట్టెలు. అక్క లెక్కన నాలుగువేల ఎనిమిదివందల పుల్లలు. వాడుకున్నది నూట అరవై. కిరసనాయిలూ సబ్బూ ఇందులో కలపలేదు.

అవ్వకు ఇంకా రావలసినవి నాలుగువేల ఆరువందల నలభై.