గొట్టంలో మిగిలిన మందు

నాన్నగారు తుపాకి తెచ్చి నా ముందు అరుగు మీద పెట్టి, "నువ్వు కెమిస్ట్రీ చెబుతావు కదమ్మా, ఈ తుప్పు సంగతేంటో చూడు" అన్నారు. తొంభైల చివర, దసరా సెలవులు. రాజమండ్రిలో జూనియర్ కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయి, నాలుగు రోజులు హాయిగా పడుకుందామని ఇంటికి వచ్చినదాన్ని. ఒళ్ళు మండింది. కెమిస్ట్రీ చదివినవాళ్ళు తుపాకులు తోమాలని ఏ పుస్తకంలోనూ లేదన్నాను. ఆయన నవ్వేసి, పేపరు పట్టుకుని పడక్కుర్చీలోకి వెళ్ళిపోయారు. నేను ఎంత గొణిగినా చివరికి చేస్తానని ఆయనకు తెలుసు.

అది మా తాతగారి తండ్రి నాటి తుపాకి. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, వెనక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే రకం. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఏడు ఉంటాయని, అందుకే అది నాటు తుపాకి కాదు, రైఫిలని నాన్నగారి గొప్ప. ఆ ఏడింటినీ నేనెప్పుడూ చూడలేదు. మూతిలో కన్ను పెడితే ఎర్రటి తుప్పే. లైసెన్సు అన్నయ్య పేరుకు మార్చాలంటే తుపాకి పనిచేసే స్థితిలో ఉందని చూపించాలట. అందుకని ఈ హడావుడి.

తుప్పు పుణ్యం అమ్మది. ఏటా ఆయుధపూజకు ఇత్తడి బిందెలతో పాటు దాన్నీ చింతపండుతో తోమి, మూతిలోంచి చెంబుడు పసుపునీళ్ళు పోసి, గోడకు నిలబెట్టి బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి హారతిచ్చేది. వద్దంటే, "దేవుడికి అభిషేకం చెయ్యమూ?" అనేది. చింతపండు పులుపు ఇనుమును ఏం చేస్తుందో ఆవిడకు చెప్పగలిగిన కెమిస్ట్రీ నా దగ్గర లేదు.

విసుక్కున్నాను గానీ, ఆ తుపాకి అంటే నాకు గర్వం. మా ఇంట్లో మగపిల్లవాడు పుడితే కాలవగట్టు మీద రెండుసార్లు పేల్చేవారు. రెండు మోతలు వినగానే ఊరంతా బెల్లం ముక్క కోసం మా గుమ్మంలోకి వచ్చేది. ఆడపిల్ల పుడితే పేల్చేవారు కాదు. అలాంటిది, నేను పుట్టినప్పుడు నాన్నగారు ఆచారాన్ని పక్కనపెట్టి ఒకసారి పేల్చారట. ఆ తర్వాత దానిలో మళ్ళీ మందు పొయ్యలేదట. ఈ కథ వింటూ పెరిగాను. అన్నయ్యతో పోట్లాట వచ్చినప్పుడల్లా, "నీకు పేల్చిన రెండూ ఆచారం కొద్దీ. నాకు పేల్చిన ఒక్కటీ ఇష్టం కొద్దీ" అనేదాన్ని.

మర్నాడు పొద్దున పంపుసెట్లు బాగుచేసే మేస్త్రిని పిలిపించాను. ఆయన ముందుగా కడ్డీని గొట్టంలోకి దించి, మూతి దగ్గర గోటితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ తీశాడు.

"అమ్మాయిగారూ, కడ్డీ అడుగుదాకా వెళ్ళట్లేదండి. నాలుగు వేళ్ళు తక్కువొస్తోంది."

"తుప్పు పేరుకుందేమో."

"తుప్పయితే గరగరలాడుద్దండి. ఇది మెత్తగా తగుల్తోంది. ఇందులో మందుందండి."

నేను అమ్మను పట్టుకుని దూరం జరిగాను. మేస్త్రి గొట్టం నిండా నీళ్ళు పోసి, మధ్యాహ్నం దాకా నాననిచ్చి, కడ్డీ కొసకు మర మేకు బిగించి మెల్లగా లాగాడు. పసుపు పట్టిన గుడ్డపీలిక వచ్చింది. దాని వెనక నల్లటి బురద, అక్కడక్కడ పచ్చగా. మేస్త్రి దాన్ని పళ్ళెంలో వేసి వేలితో కలిపి చూశాడు. "గుండు లేదండి. ఇది మోత కోసం కూరిందండి."

అమ్మ అక్కడే కూలబడింది. "ఇన్నేళ్ళూ దీని ముందా నేను కర్పూరం వెలిగించింది!" అని ఏడుపు మొదలుపెట్టింది. నీ పసుపునీళ్ళే మనల్ని కాపాడాయమ్మా అని ఊరుకోబెట్టాను.

నా బుర్ర మాత్రం ఇంకోచోట ఉంది. నేను పుట్టాక మందు పొయ్యలేదన్నది నిజమైతే, ఇది నా కోసం పోసిన మందు. అంటే పేలలేదు. మరి ఆ మోత ఎవరు విన్నారు? అమ్మను అడిగాను. "ఒంటి మీద తెలివి లేకుండా పడున్నదాన్ని, నాకేం వినపడుతుంది? మీ మామ్మ చెప్పింది" అంది. మామ్మ పోయి చాలాకాలమైంది. అన్నయ్యకు అప్పుడు నాలుగేళ్ళు. "విన్నానో, విన్నానని మీరంతా అంటే అలా అనుకున్నానో" అన్నాడు. వాడు ఎగతాళి చెయ్యకుండా అలా మెత్తగా అనేసరికి ఇంకా ఏడుపొచ్చింది.

ఆ కోపమంతా గొట్టం మీద చూపించాను. సలసలకాగే నీళ్ళు, బట్టల సోడా, ఇత్తడి తీగల బ్రష్షు, కిరసనాయిలు. ఎంత తోమినా నల్లటి నీళ్ళే. సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. కుట్టుమిషను నూనె గుడ్డతో తుడిచి, గొట్టం మూతిని ఎండకేసి పెట్టి లోపలికి చూశాను. గాడులు మెలికలు తిరుగుతూ మెరిశాయి. సరిగ్గా ఏడు. ఈ ఒక్క మాటయినా నిజమే అనుకున్నాను.

అప్పుడు వెళ్ళి నాన్నగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీశారు.

"అది రెండోదమ్మా. మొదటిది పేల్చాను. రెండోదానికి మందు కూరుతుంటే మీ మామ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. రెండు పేలిస్తే ఊరంతా కొడుకనుకుని వస్తారు, వచ్చాక కాదని చెప్పుకోవాలి, నామోషీ అంది. ఆగిపోయాను."

"మర్నాడు పేల్చొచ్చుగా?"

"ఎందుకు పేల్చారని అడిగితే ఏం చెప్పను? అలాగని తీసెయ్యబుద్ధి కాలేదు."

నమ్మాలో వద్దో తెలియలేదు. రెండోదాకా వెళ్ళినందుకు సంతోషించాలో, ఆగిపోయినందుకు నిలదీయాలో అంతకన్నా తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మొదటిది నిజంగా పేలి ఉంటే, ఆ మసి గొట్టం అడుగున, ఈ మందు కింద అంటుకుని ఉండాలి. మందు తీశాక, కడగబోయే ముందు ఒక తెల్లగుడ్డతో తుడిచి చూసి ఉంటే తెలిసిపోయేది. సాయంత్రందాకా కూర్చుని, నా చేత్తో నేనే ఆ సాక్ష్యాన్ని కడిగేశాను.

మర్నాడు పొద్దున కాలవగట్టు మీద తుపాకి సరిచూడాలని నాన్నగారు కొత్త మందు కూరారు. గుండు వెయ్యలేదు. నన్ను పక్కన నిలబెట్టుకుని ఆకాశంకేసి పేల్చారు. కొంగలు చేలల్లోంచి లేచాయి. అవతలి గట్టు మీద గడ్డిమోపు ఎత్తుకున్న పెద్దాయన ఆగి, "ఏమండీ, మనవడాండీ?" అని కేకేశాడు.

"కాదండీ, అమ్మాయి" అని నాన్నగారు గట్టిగా అరిచారు.

మళ్ళీ కూరతారేమోనని చూశాను. ఆయన తుపాకి నా చేతికిచ్చి ఇంటివైపు నడిచారు. గొట్టం వేడిగా ఉంది. ఆయన చెప్పింది నిజమైతే అది నా రెండోది. కాకపోతే మొదటిది. ఏదని లెక్కపెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.